షెల్లు చేయు పదచ్ఛేదము

యూనిక్స్ జాతికి చెందిన కంప్యూటరు తమ యింట లేదని అనుకొను పాఠకులు పలువురుందురు. పరికించి చూచినచో అది నిజము కాదని తేలును. ఇంటర్నెట్టును గదిగదికి పంచు రౌటరు పెట్టెలలో పెక్కింటిని నడుపునది లినక్సు. ఆండ్రాయిడు ఫోనుల అడుగున నున్నది లినక్సు కెర్నెలే. ఆపిల్ కంపెనీ వారి మాక్ యంత్రము యూనిక్స్ వంశములోనిదే. ఇక చదువుకొను పిల్లల కొరకు ఉబుంటు వంటి లినక్సును తెచ్చిపెట్టుకొన్న గృహములు సరేసరి. ఈ వంశపు యంత్రములలో మనుష్యుని మాటను విని లోపలికి చేరవేయు మధ్యవర్తి యొకటి కలదు. దానికి షెల్లు అని పేరు. కెర్నెలు అనగా గింజలోని పప్పు. షెల్లు అనగా దానిపై పెంకు. లోపలి పప్పును మనము నేరుగా తాకలేము; పెంకును తట్టియే పలుకరింపవలెను.

ఈ పేరు పెట్టినవారు లూయీ పూజా అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు. 1960 దశకములో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పని చేయుచు, ఆజ్ఞలనొక ఫైలులో వరుసగా వ్రాసియుంచి ఒక్కమారుగా నడిపించు పద్ధతిని వారు కల్పించిరి. బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ 1971లో యూనిక్స్ మొదటి కూర్పునకు షెల్లు వ్రాసిరి. 1979లో ఏడవ కూర్పుతో వెలువడిన స్టీఫెన్ బోర్న్ గారి షెల్లు నేటి షెల్లులలో పెక్కింటికి ముత్తాత. 1989లో బ్రయన్ ఫాక్స్ వ్రాసిన బాష్ అనునది ఆ బోర్న్ పేరు మీద చమత్కరించి ‘మరల పుట్టినది’ అను అర్థము వచ్చునట్లు పెట్టిన పేరు. వంశావళి ఇంతటితో చాలును.

ఫైలులో వరుసగా వ్రాసిపెట్టిన ఆజ్ఞలకే షెల్ స్క్రిప్టు అని వ్యవహారము. ఫోనులోని ఫొటోలను తేదీల వారిగా వేరుచేయుటకు, రాత్రివేళ వానికి నకలు తీసి మరియొక డిస్కులో దాచుటకు, పాత టేపులనుండి ఎక్కించిన పాటలను చిన్న ఫైలులుగా మార్చుటకు పది పంక్తుల స్క్రిప్టు చాలును. ఆ పది పంక్తులలో ఒక్క చిహ్నము లోపించినచో ఆ ఫొటోలును, ఆ పాటలును తిరిగి రాకుండ పోవుటయు సంభవమే. షెల్లులోనుండి తుడిచివేసిన ఫైలు చెత్తబుట్టలోనికి పోదు. ‘నిశ్చయమేనా’ అని అడుగు అలవాటు దానికి లేదు. అవ్వగారి ఫొటో ఇంటిల్లిపాదికిని ఒక్కటే యున్నప్పుడు ఇది చిన్న సంగతి కాదు. కావున ఈ చిక్కులను గూర్చి కొంత విపులముగా చెప్పదలచితిమి. ఇది చెవితో వినుటకు వ్రాసిన ప్రసంగము గనుక చిహ్నములను సయితము మాటలలోనే చెప్పుచున్నాము. వ్రాసికొనువారు కాగితము దగ్గర నుంచుకొందురు గాక.

తెలుగు చదువరికి పదచ్ఛేదమును గూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. తాటాకు ప్రతులలో పదములకు నడుమ ఎడము లేదు. ఎక్కడ విరువవలెనో చదువువాడే తెలిసికొనవలెను. ‘కపివరుడు’ అను పదమును తప్పుగా విరిచి శ్రీరామునికి తోక తగిలించిన శిష్యుని కథ మనమందరము బడిలో విన్నదే. షెల్లు చేయు పని ముఖ్యముగా ఈ పదచ్ఛేదమే. మీరు టైపు చేసిన పంక్తిని మొదట తాను చదివి, ఎడమున్నచోట విరుచును. డాలరు గుర్తుతో మొదలగు చరరాశి కనబడినచో ఆ స్థానమున దాని విలువను పెట్టును. అట్లు పెట్టిన విలువలో మరల ఎడములున్నచో దానిని సయితము విరుచును. నక్షత్రపు గుర్తు కనబడినచో ఆ ఫోల్డరులోని పేర్లన్నింటిని అక్కడ పరచును. ఇంత జరిగిన పిమ్మటనే అసలు ప్రోగ్రామును పిలిచి, విరిచిన ముక్కలను దాని చేతికిచ్చును. మీరు వ్రాసిన పంక్తిని ఆ ప్రోగ్రాము ఎన్నడును చూడదు. ఈ ఒక్క విషయము మనసున నాటుకొన్నచో తక్కిన చిక్కులు అర్థమగుట సులభము.

ఉదాహరణమునకు ‘ఫొటో’ అను చరరాశిలో ‘అక్క పెండ్లి’ అను ఫైలు పేరున్నదనుకొందము. తుడిచివేయు ఆజ్ఞ పేరు ఆర్‌ఎమ్. ఆర్‌ఎమ్ అని వ్రాసి, ప్రక్కన డాలరు గుర్తుతో ‘ఫొటో’ అని వ్రాసినచో, షెల్లు ఆ విలువను ‘అక్క’ అనియు ‘పెండ్లి’ అనియు రెండు ముక్కలుగా విరిచి అందించును. ఆర్‌ఎమ్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ఫైలులు. ‘అక్క’ అను పేరుతో నిజముగా వేరొక ఫైలున్నచో అది పోవును; పొమ్మన్నది మాత్రము అక్కడనే యుండును. దీనికి మందు మిక్కిలి చౌక. డాలరు గుర్తునకు ముందొకటి, పేరునకు తరువాత నొకటి చొప్పున జంట కొటేషను గుర్తులుంచినచో, లోపలి విలువ ఎన్ని ఎడములతో నున్నను విరుగక ఒక్క ముక్కగానే పోవును. ఒంటి కొటేషను గుర్తులు ఈ పనికి చాలవు. వానిలోపల డాలరు గుర్తు సయితము ఉత్త అక్షరమే. విలువ అక్కడికి రాదు. స్క్రిప్టునకు బయటినుండి ఇచ్చిన పేర్లన్నింటిని కలిపి వేరొక ఆజ్ఞకు పంపునప్పుడును ఇదే నియమము. డాలరు ప్రక్కన ‘ఎట్’ గుర్తును వ్రాసి, ఆ జంటను కొటేషనులలో నుంచవలెను. ఎట్‌కు బదులు నక్షత్రమును వ్రాసినవారికి పేర్లన్నియు ఒక్క దండగా గ్రుచ్చబడి పోవును.

మాక్ యంత్రములందు 2019 నుండి మొదటి షెల్లుగా వచ్చుచున్న జెడ్-షెల్లు, చరరాశి విలువను తనంతట తాను మరల విరువదు. కాబట్టి మాక్ మీద తప్పక నడచిన స్క్రిప్టు లినక్సు మీద తప్పుట కలదు. కొటేషను గుర్తులుంచు అలవాటు రెంటను చెల్లును.

2015 జనవరిలో జరిగిన యొక సంగతి ఈ సందర్భమున చెప్పదగియున్నది. వాల్వ్ అను కంపెనీ వారు ఆటలను పంపిణీ చేయుటకు స్టీమ్ అను సాఫ్ట్‌వేరును నడుపుచున్నారు. దాని లినక్సు కూర్పులోని స్క్రిప్టు మొదట తానున్న ఫోల్డరును కనుగొని, ఆ దారిని ‘స్టీమ్‌రూట్’ అను చరరాశిలో నుంచుకొనును. అవసరమైనప్పుడు ఆ దారి చివర స్లాష్ గుర్తును, దాని వెనుక నక్షత్రమును చేర్చి, లోపల నున్న సమస్తమును తుడిచివేయుమని ఆర్‌ఎమ్‌కు చెప్పును. ఒక వినియోగదారుడు ఆ ఫోల్డరును వేరొక చోటికి మార్చి, పాతచోట దారిచూపు గుర్తు నుంచెను. స్క్రిప్టునకు ఫోల్డరు దొరకలేదు. చరరాశి శూన్యముగా మిగిలెను. శూన్యము ప్రక్కన స్లాష్, స్లాష్ ప్రక్కన నక్షత్రము: అనగా యంత్రపు మూలమునుండి సమస్తము! వ్యవస్థకు సంబంధించిన ఫైలులను ముట్టుటకు సామాన్య వినియోగదారునికి అధికారము లేదు గనుక అవి దక్కినవి. ఆయన సొంత ఫైలులు పోయినవి. నకళ్ళు దాచుకొనుటకు తగిలించియున్న బయటి డిస్కులోనివియు పోయినవి. ఆ పంక్తికి పైన స్క్రిప్టు వ్రాసినవారే ‘భయంకరము’ అను అర్థము వచ్చు ఆంగ్లపదము నొకదానిని వ్యాఖ్యగా వ్రాసియుంచిరి. భయపడిరి గాని కాపు పెట్టలేదు.

ఇందు గమనింపవలసినవి రెండు కలవు. ఆ పంక్తిలో కొటేషను గుర్తులున్నవి. అనగా కొటేషనులు విరుగుటనే ఆపును, శూన్యమును ఆపలేవు. రెండవది, మూలమును తుడువుమన్నచో లినక్సులోని ఆర్‌ఎమ్ ‘చేయను’ అని నిరాకరించును. అట్టి కాపు ఏండ్ల క్రిందటనే దానికి పెట్టబడినది. అయినను ఇచ్చట అది పని చేయలేదు. ఏలయన నక్షత్రమును విప్పునది షెల్లు. ఆర్‌ఎమ్ చేతికి మూలము పేరు రానేలేదు. మూలములోని ఒక్కొక్క ఫోల్డరు పేరు విడివిడిగా వచ్చినది. వానిని తుడువరాదని దానికెవరును చెప్పియుండలేదు.

చరరాశి శూన్యముగా నున్నచో ముందునకు పోరాదని షెల్లునకు చెప్పుటకు ఉపాయమున్నది. డాలరు గుర్తు వెనుక చరరాశి పేరును మీసపు కుండలీకరణములలో నుంచి, పేరు చివర ఆ కుండలీకరణము లోపలనే రెండు చుక్కల గుర్తును, ప్రశ్నార్థకమును చేర్చవలెను. విలువ లేకున్నను, ఉండియు శూన్యమైనను స్క్రిప్టు అక్కడనే ఆగిపోవును. దీనికి బదులుగా పలువురు ‘సెట్’ అను ఆజ్ఞతో ‘యు’ అను వికల్పమును పెట్టుదురు. అది మంచిదే కాని, అసలు పుట్టని చరరాశినే అది పట్టుకొనును. పుట్టి శూన్యముగా నున్నదానిని వదలివేయును. స్టీమ్ విషయమున చరరాశి పుట్టినది, శూన్యముగా పుట్టినది. కావున ఆ వికల్పము అక్కడ ఉపకరించెడిది కాదు. ఈ భేదమును తెలియక ధైర్యముగా నుండువారిని మేము చూచితిమి.

2011లో బంబుల్‌బీ అను గ్రాఫిక్సు సాఫ్ట్‌వేరు స్థాపనా స్క్రిప్టులో ఇంతకంటె చిన్న కారణము వలన ఇంతకంటె పెద్ద హాని జరిగెను. యూఎస్ఆర్ అనునది లినక్సులోని ప్రోగ్రాములలో అధికభాగమునకు నివాసమైన ఫోల్డరు. దాని లోపల ఎక్కడనో లోతున నున్న ఒక చిన్న ఫోల్డరును తుడువవలెనని వారి ఉద్దేశము. దారిలో యూఎస్ఆర్ అను మాట తరువాత ఒక ఎడము పడెను. షెల్లు అక్కడ విరిచెను. మొదటి ముక్క యూఎస్ఆర్. స్థాపనా స్క్రిప్టు పరిపాలకుని అధికారముతో నడచును గనుక అడ్డు చెప్పువారెవరును లేకపోయిరి. దారి నంతటిని కొటేషనులలో నుంచియున్నచో అట్టి పేరుగల ఫోల్డరు లేదు గనుక ఏమియు జరిగియుండెడిది కాదు.

ఇక రెండవ తరగతి చిక్కులకు వత్తము. సామాన్యముగా మనకు సున్న మార్కులనిన తప్పుట. యూనిక్స్‌లో ప్రతి ప్రోగ్రామును పని ముగియగానే ఒక అంకెను తిరిగి ఇచ్చును. అందు సున్న వచ్చినచో కృతార్థమైనట్లు, 1 మొదలు 255 వరకు ఏది వచ్చినను తప్పినట్లు. కృతార్థత ఒక్క విధముననే యుండును, తప్పుటకు కారణములు పెక్కు గనుక ఈ యేర్పాటు సబబే. అయితే ఆ అంకెను చూచి ఆగవలెనని షెల్లునకు స్వతస్సిద్ధమైన బుద్ధి లేదు. ఒక ఆజ్ఞ తప్పినను తరువాతి పంక్తికి సాగిపోవును. ‘సీడీ’ అను ఆజ్ఞతో పాత నకళ్ళ ఫోల్డరులోనికి పోయి, రెండవ పంక్తిలో ‘ఇక్కడనున్నవన్నియు తుడువుము’ అని వ్రాయుట లోకములో సర్వసాధారణము. బయటి డిస్కు తగిలించుట ఆనాడు మరచితిరి. ఫోల్డరు లేదు. సీడీ తప్పినది. షెల్లు ఉన్నచోటనే యుండి రెండవ పంక్తిని శ్రద్ధగా నెరవేర్చినది. సీడీ పంక్తి చివర రెండు నిలువు గీతలు గీచి, ‘ఎగ్జిట్’ అను మాట వ్రాసినచో, సీడీ తప్పగానే స్క్రిప్టు ముగియును. ఆ రెండు గీతలకు ‘అది కానిచో’ అని అర్థము.

ప్రతి పంక్తికిని ఇట్లు గీతలు గీయలేక ‘సెట్’ ఆజ్ఞతో ‘ఈ’ అను వికల్పమును స్క్రిప్టు తలమీద వ్రాయువారున్నారు. ఏ ఆజ్ఞ తప్పినను స్క్రిప్టు ఆగునని వారి నమ్మకము. అది చాలవరకే నిజము. ‘ఇఫ్’ అను షరతులో నున్న ఆజ్ఞ తప్పినచో ఆగదు. పైపుతో కలిపిన ఆజ్ఞలలో చివరిది నెగ్గినచో ముందువి తప్పినను ఆగదు. చరరాశికి విలువ నిచ్చునప్పుడు ముందు ‘లోకల్’ అనియో ‘ఎక్స్‌పోర్ట్’ అనియో చేర్చినచో, లోపలి ఆజ్ఞ తప్పిన సంగతిని ఆ మాట కప్పివేయును. పైపుల విషయమున ‘పైప్‌ఫెయిల్’ అను వికల్పము కొంత తోడ్పడును. బాష్‌లో నిది చాలకాలముగా నున్నది. యూనిక్స్ జాతి కంతటికిని కట్టుబాటైన పోసిక్స్ ప్రమాణములోనికి 2024లో ప్రవేశించినది. మా అభిప్రాయములో ‘ఈ’ వికల్పమును వ్రాయుట మేలే. దానిని నమ్మి, తుడుచు ఆజ్ఞకు ముందు ప్రత్యేకముగా పరీక్ష పెట్టకుండుట మేలు కాదు.

పగలు నడచి రాత్రి నడువని స్క్రిప్టులను గూర్చి చెప్పవలసినది చాల కలదు. నిర్ణీత వేళకు ప్రోగ్రాములను నడుపుటకు యూనిక్స్‌లో క్రాన్ అను సేవకుడున్నాడు. రాత్రి రెండు గంటలకు ఫొటోలకు నకలు తీయుమని ఆయనకు అప్పగింతుము. చేతితో నడిపినప్పుడు చక్కగా నడచిన స్క్రిప్టే యది. తెల్లవారి చూచినచో నకలు లేదు. ఫిర్యాదు మాటయు లేదు. కొన్ని ఇండ్లలో నెలల తరబడి ఎవ్వరును చూడరు. డిస్కు చెడిన నాడే నకలు లేదని తెలియును.

క్రాన్‌కు మన టెర్మినలులోని అలవాట్లు తెలియవు. ప్రోగ్రాములను వెదకవలసిన ఫోల్డరుల జాబితాకు పాత్ అని పేరు. మనము లాగిన్ అయినప్పుడు ఆ జాబితా పొడుగుగా సిద్ధమగును. క్రాన్ జాబితా సాధారణముగా రెండు ఫోల్డరులకు మించదు. మీరు ప్రత్యేకముగా తెచ్చిపెట్టుకొన్న ప్రోగ్రాము ఆ రెంటిలో లేనిచో క్రాన్‌కు అది కనబడదు. కావున స్క్రిప్టులో ప్రోగ్రాములకును, ఫోల్డరులకును పూర్తి దారి వ్రాయవలెను. ఇంకొక వింత. నకలు పేరులో ఆనాటి తేదీ రావలెనని ‘డేట్’ ఆజ్ఞకు శాతము గుర్తుతో రూపము చెప్పుదుము. క్రాన్ పట్టికలో శాతము గుర్తునకు వేరే అర్థమున్నది: ఆజ్ఞ అక్కడితో ముగిసినది, తక్కినది ఆ ఆజ్ఞకు ఇన్‌పుట్ అని. ఆజ్ఞ నడుమ తెగిపోవును. శాతమునకు ముందు వెనుకకు వాలిన గీతను వ్రాయవలెను. లేదా తేదీ వ్యవహారమును స్క్రిప్టు ఫైలులోనే యుంచి, పట్టికలో స్క్రిప్టు పేరు మాత్రము వ్రాయవలెను. రెండవదే సుఖము.

స్క్రిప్టు చెప్పు మాటలను క్రాన్ యంత్రములోపలి మెయిలుగా పంపజూచును. ఇంటి కంప్యూటర్లలో అట్టి మెయిలు సాధారణముగా ఏర్పాటు చేయబడి యుండదు. కావున మాటలను ఒక లాగ్ ఫైలునకు మళ్ళింపవలెను. ప్రోగ్రామునకు రెండు కాలువలున్నవి: ఒకటవది ఫలితములకు, రెండవది ఫిర్యాదులకు. ముందు ఒకటవ కాలువను ఫైలునకు మళ్ళించి, పిమ్మట రెండవదానిని ఒకటవదాని వెంట పొమ్మనవలెను. ఈ వరుస తారుమారైనచో, మళ్ళింపబడుటకు ముందు ఒకటవది ఎచ్చటికి పోవుచుండెనో రెండవది అచ్చటికే పోవును. ఫైలులో ఫలితములుండును, ఫిర్యాదులుండవు. మనకు కావలసినవి ఫిర్యాదులే గదా!

పైపు అను గొప్ప సాధనమును 1973లో డగ్ మెకిల్‌రాయ్ గారి ప్రోద్బలమున యూనిక్స్‌లో చేర్చిరి. ఒక ప్రోగ్రాము వెలువరించినది రెండవదానికి నేరుగా పారును. దాని వలన కలుగు చిక్కు రెండు విధములు. పాటల పట్టికను పైపు గుండా ‘వైల్’ అను ఆవృత్తికి పంపి, ఒక్కొక్క పాటకు లెక్క నొకటి చొప్పున పెంచుచు, చివర ఆ లెక్కను చూచినచో సున్న యుండును. బాష్ పైపులోని ప్రతి భాగమును ఒక పిల్ల షెల్లులో నడుపును. లెక్క పెరిగినది పిల్ల షెల్లులో. ఆవృత్తి ముగియగానే ఆ లెక్కతో సహా అది గతించును. పైపును మాని, పట్టిక ఫైలునే ఆవృత్తి చివర కుడివైపు తెరచిన కోణపు గుర్తుతో లోనికి మళ్ళించినచో లెక్క నిలుచును.

రెండవ విధము మరింత తికమక పెట్టునది. పట్టికలో నలువది పాటలుండగా, ఒక్కొక్కదానిని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను ప్రోగ్రాముతో మార్చుమని ఆవృత్తిలో వ్రాసితిమి. మొదటి పాట మారినది. స్క్రిప్టు ముగిసినది. తక్కిన పాటలేమైనవి? ఎఫ్ఎఫ్ఎంపెగ్ తాను నడచునంతసేపు కీబోర్డు నుండి మాట వచ్చునేమోయని తన ఇన్‌పుట్‌ను చదువుచుండును. ఆవృత్తిలో దాని ఇన్‌పుట్ మన పాటల పట్టికయే. తక్కిన పేర్లను అదియే మ్రింగివేసినది. దూరపు యంత్రముతో మాటలాడు ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామునకును ఈ గుణమున్నది. ఇట్టి ప్రోగ్రాముల ఇన్‌పుట్‌ను ‘నల్’ అను ఉత్త ఫైలునుండి వచ్చునట్లు మళ్ళించినచో పట్టిక క్షేమముగా నుండును.

విండోస్ యంత్రములో వ్రాసి తెచ్చిన స్క్రిప్టు లినక్సు మీద ‘అట్టి ఫైలు లేదు’ అనుట కద్దు. ఫైలు కంటి ఎదుటనే యుండును! పూర్వము టెలిప్రింటరులో పంక్తి మారవలెననిన రెండు పనులు కావలసియుండెను: అచ్చుతల ఎడమ అంచునకు మరలుట, కాగితము ఒక పంక్తి పైకి జరుగుట. విండోస్ నేటికిని ఆ రెంటి సంకేతములను పంక్తి చివర నుంచుచున్నది. యూనిక్స్‌కు రెండవది చాలును. స్క్రిప్టు మొదటి పంక్తిలో ఏ షెల్లు నడుపవలెనో పేరు వ్రాసియుండును. కంటికి కనబడని ఆ మరలు సంకేతము ఆ పేరు చివర అంటుకొనుటచే, అట్టి పేరుగల షెల్లు లేదని యంత్రము చెప్పుచున్నది. డాస్-టు-యూనిక్స్ అను చిన్న ప్రోగ్రాము దానిని తీసివేయును. ఆ మొదటి పంక్తిని గూర్చి మరియొక మాట. ఉబుంటు వారు 2006 నుండి ‘ఎస్‌హెచ్’ అను పేరునకు బాష్‌ను మాని, డాష్ అను చిన్న షెల్లును కట్టబెట్టిరి. బాష్‌కు మాత్రమే తెలిసిన జంట చదరపు కుండలీకరణముల వంటివి వ్రాసి, స్క్రిప్టును ఎస్‌హెచ్ పేరుతో నడిపినచో డాష్ ఒప్పుకొనదు. ఏ షెల్లునకు వ్రాసితిమో ఆ షెల్లు పేరు పెట్టియే నడుపవలెను.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకొనువారికి ప్రత్యేకముగా కొన్ని చిక్కులున్నవి. ‘తెలుగు’ అను మాటలో మన కంటికి అక్షరములు మూడు. యూనికోడు లెక్కలో హల్లులు, గుణింతపు గుర్తులు విడివిడిగా నుండును గనుక అవి ఆరు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు గనుక డిస్కు మీద పదునెనిమిది. లెక్కించు ఆజ్ఞయైన డబ్ల్యూసీ, ‘సీ’ వికల్పమునకు పదునెనిమిది యనియు, ‘ఎమ్’ వికల్పమునకు ఆరు అనియు చెప్పును. రెండవది సయితము యంత్రపు భాషా పరిసరము యూటీఎఫ్-8 అయినప్పుడే. క్రాన్ నడిపినప్పుడు ఆ పరిసరము లేక ఆ లెక్కయు పదునెనిమిది కావచ్చును. లినక్సులో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదను పరిమితి సాధారణము. ఆంగ్లములో అది 255 అక్షరములు. తెలుగులో గుణింతములతో కలిపి 85 గుర్తులే. పెండ్లి పేరు, ఊరు, తేదీ, కూర్చున్నవారి పేర్లు అన్నియు ఒకే ఫైలు పేరులో ఇరికించు వారికి ఇది త్వరలోనే ఎదురగును.

ఇంతకంటె మోసకారి యొకటి కలదు. ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాసినప్పుడు టకారపు పొల్లును వకారముతో కలియనీయక విడదీయుటకు వెడల్పు లేని యొక గుర్తును నడుమ నుంచుదుము. అది కంటికి కనబడదు. ఒక కీబోర్డు దానిని తానే చేర్చును, మరియొకటి చేర్చదు. పొల్లుతో ముగియు రెండు మాటలు ఎడము లేక కలిసినచోట నెల్ల ఈ సందేహమే. ఐత్వపు గుర్తునకును రెండు రూపములున్నవి: ఒక్క గుర్తుగా వ్రాయుట, ఎత్వమును దాని క్రింది భాగమును రెండుగా వ్రాయుట. 2017కు ముందటి మాక్ డిస్కుల పద్ధతి పేర్లను రెండవ రూపమున నిలువ చేసెడిది. ఆనాటి ‘తైలవర్ణ చిత్రములు’ అను ఫోల్డరును లినక్సునకు తెచ్చి, అదే పేరును చేతితో టైపు చేసినచో షెల్లు లేదనును. అట్టి వేళ పేరును టైపు చేయక, మొదటి రెండక్షరములు వ్రాసి నక్షత్రము నుంచుటయో, టాబ్ మీటను నొక్కి షెల్లుచేతనే పూరింపజేయుటయో చేయవలెను. ‘తై’ అను అక్షరముననే చిక్కున్నచో తకారము మాత్రము వ్రాసి మీట నొక్కుడు.

స్క్రిప్టును నడుపుటకు ముందు పరీక్షించు ఉపాయములలో మేము విడువనిది ఒకటున్నది. తుడుచు ఆజ్ఞకు ముందు ‘ఎకో’ అను మాటను చేర్చి ఒకమారు నడుపుట. అప్పుడు షెల్లు పదచ్ఛేదమంతయు చేసి, ఆర్‌ఎమ్‌కు ఏమి ఇవ్వబోవునో తెర మీద చూపును గాని, ఇవ్వదు. పేర్లలో ఎడములున్నచో ముక్కల హద్దులు ఎకోలో తెలియవు. దానికి ‘ప్రింట్ఎఫ్’ అను ఆజ్ఞతో ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క పంక్తిలో అచ్చు వేయించుట మేలు. ‘అక్క’ ఒక పంక్తిలోను, ‘పెండ్లి’ మరియొక పంక్తిలోను కనబడినచో ఎచ్చట కొటేషను లోపించినదో తెలిసిపోవును. విడార్ హోలెన్ అను నార్వే దేశస్థులు వ్రాసిన షెల్‌చెక్ అను ప్రోగ్రాము స్క్రిప్టును నడుపకయే చదివి తప్పులెన్నును. అది ఉచితముగా దొరకును. కొటేషను లేని చరరాశులను, ఆపు లేని సీడీలను అది వరుసగా చూపును. చరరాశి వెనుక స్లాష్, నక్షత్రము కనబడినచో, శూన్యమైనప్పుడు ఇది మూలమును తుడుచునని, పైన చెప్పిన ప్రశ్నార్థకపు కాపును పెట్టుకొమ్మని ప్రత్యేకముగా హెచ్చరించును. షెల్‌చెక్ చూపిన తప్పులను దిద్దిన తరువాతను, క్రొత్త స్క్రిప్టును మొదటి వారము బయటి డిస్కు ఊడదీసియే నడుపుట మా పద్ధతి. నకలు తీయు స్క్రిప్టయినచో ఉత్త ఫోల్డరు నొకదానిని చేసి, ఎడములున్న పేర్లు, తెలుగు పేర్లు, అడ్డగీతతో మొదలగు పేర్లు గల నాలుగైదు దొంగ ఫైలులను అందుంచి, దాని మీద మొదట నడుపుదుము.